కొలువులో ఒకటో నంబరు సీడీ

మా ఆయన ఓంకార్ ఇంటి కంప్యూటర్లో లినక్స్ ఎక్కించిన రోజు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. కావలసినవి ఒక్కొక్కటే ఎంచుకుంటారా, లేక అన్నీ కావాలా అని. పెళ్ళి పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఆలోచించినంత కూడా ఆలోచించకుండా ఆయన ‘అన్నీ’ అన్న గడిలో టిక్కు పెట్టారు. మూడు సీడీలు, గంటంపావు. అంతా అయ్యాక లెక్క చూస్తే పధ్నాలుగు వందల పైచిలుకు ప్యాకేజీలు దిగాయి. అందులో కాగితం మీద రాసినట్టు రాసుకోవడానికే పదకొండు రకాలు. ఫిన్లాండు భాషలో అక్షరదోషాలు పట్టేది ఒకటి. హనుమంతనగర్లో మా మేడమీది వాటాలో ఫిన్లాండు భాష వచ్చినవాళ్ళు లేరు. కింది వాటాలో ఉన్నారేమో అడగలేదు.

ఇది 2003 సంగతి. అప్పట్లో రోజూ రాత్రి భోజనాల దగ్గర నాకు లినక్స్ పాఠం ఉండేది. నేను అడగలేదు, అయినా చారుతో పాటు వచ్చేది. ప్యాకేజీ అంటే ఒక పనికి కావలసిన సరంజామా కట్టిన మూట అనీ, ఒక మూటలోని వస్తువు మీద ఇంకో మూట ఆధారపడి ఉంటుందనీ, అంచేత దేన్నైనా తీసెయ్యబోతే ‘ఇది ఫలానావారికి కావాలి’ అని కంప్యూటర్ అడ్డుపడుతుందనీ చెప్పేవారు. కొత్తవి ఎక్కించడానికి ఒక మాట, ఉన్నవి చూడడానికి ఒక మాట, తీసెయ్యడానికి ఒక మాట. నేను ఊ కొడుతూ అన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఈ పనులు చేసే అధికారం మాత్రం ‘రూట్’ అనే సర్వాధికారికే ఉంటుంది. దాని పాస్‌వర్డ్ ఆయన ఎవరికీ చెప్పరు. కాకపోతే కొట్టేటప్పుడు పెదవులు కదుపుతారు. మా మోటార్‌సైకిల్ నంబరు, వెనకనుంచి ముందుకు.

కంప్యూటర్‌తో నాకు అసలు పని పడింది ఆ ఏడాది దసరాకి. కింది వాటాలో ఇంటివాళ్ళు, జయరామప్పగారూ సరోజమ్మగారూ. ఆయనకు నగర్తపేటలో ఇత్తడి గంటల కొట్టు ఉంది. ఆమెకు ఏటా ఏడు మెట్ల బొమ్మల కొలువు ఉంది. విజయదశమి సాయంత్రం వీధిలోని ఆడవాళ్ళందరూ ఆ కొలువు ముందు చేరతారు. ప్రతి ఏడూ సరోజమ్మగారి అక్క నాగమ్మగారు హార్మోనియం పట్టుకుని నలభై నిమిషాలు పాడతానని మొదలుపెట్టి రెండు గంటలు పాడతారు. ఈసారి దానికి బదులు నాటకం వేద్దామని, అది నేనే రాస్తానని నోరుజారాను. కాలేజీలో ఉన్నప్పుడు మూడు నాటికలు రాశాను. ఆ తర్వాత పదకొండేళ్ళుగా నేను రాసినవి కిరాణా జాబితాలు. అందుకే ఈ నాటకం మీద నాకు ఎవరికీ చెప్పుకోలేనంత ఆశగా ఉండేది.

సరోజమ్మగారు ఒప్పుకున్నారు, షరతు మీద. ఆయుధపూజ రోజు సాయంత్రం నాలుగింటికి రిహార్సలు. అప్పటికి అందరి చేతుల్లో కాగితాలు ఉండాలి.

“లేకపోతే మా అక్క హార్మోనియం పెట్టె బూజు దులిపి పెట్టుకోనుండాది, ఆమెను ఆపేదానికి నా చేత కాదమ్మా సుభాషిణీ,” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “నాకు మీసం ఉండే వేషం ఇయ్యి,” అన్నారు.

నాటకం పేరు ‘అన్నీ కావాలి’. కథానాయకుడు సర్వేశం. కనపడిన ప్రతి వస్తువునూ ‘దేనికో దానికి కావాల్సి వస్తుంది’ అంటూ ఇంటికి మోసుకొస్తాడు. పాత గడియారపు ముల్లు, చెయ్యి విరిగిన కుర్చీ, ఎవరివో పెళ్ళి శుభలేఖలు. చివరికి భార్య విసిగిపోయి, ఇంట్లో ఏది దేని మీద ఆధారపడి ఉందో జాబితా రాస్తుంది. కుర్చీ పేరు రాస్తే దాని మీద పిల్లి ఆధారపడి ఉంటుంది. ముల్లు పేరు రాస్తే దాంతో పచ్చడి జాడీ మూత తెరుస్తున్నారు. సర్వేశం పేరు రాసి ఎదురుగా చూస్తే ఖాళీ. “ఈ ఇంట్లో ఈయన మీద ఆధారపడింది ఒక్కటీ లేదు,” అని భార్య ప్రేక్షకులకు చెబుతుంది. తెర.

సర్వేశం ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఓంకార్‌కి చెబుదామనీ నేను అనుకోలేదు, ఆయన కొలువు ముందు కూర్చుని చూసేదాకా. కోపగించుకుంటారని కాదు. తప్పులు దిద్దుతారని. మనసారా రాసుకున్న హాస్యంలో వెర్షన్ నంబరు సరిచేసేవాళ్ళతో కాపురం చేసినవాళ్ళకు నా భయం అర్థమవుతుంది. ఏదో డైరీ రాసుకుంటున్నానంటే ఆయనే ఉత్సాహంగా ఫైలుకు తాళం వేసే విద్య నేర్పించారు. “ఇక నువ్వు తప్ప దీన్ని ఎవరూ చదవలేరు,” అన్నారు. నేను ఆ రోజే నాటకానికి తాళం వేశాను.

ఒక్క చిక్కు ఏమిటంటే, సరోజమ్మగారి వాళ్ళు ఆరు తరాలుగా బెంగుళూరులోనే ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం కన్నడమే వచ్చు, కూడబలుక్కుంటే ఇంగ్లీషు. భార్య వేషం వేసే పక్కింటి సమీనాది కర్నూలు, ఆమెకు కన్నడం రాదు. అంచేత నాటకమంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాను. అందరికీ సమానంగా కష్టం. కాగితం మీద రాసిన ప్రతి ఏదీ లేదు, ఉన్నదంతా కంప్యూటర్లోనే.

పూజకు ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, చివరి రంగం కొట్టి దాచబోతే డిస్కులో చోటు లేదంది. ఎందుకుంటుంది? అన్నీ కావాలన్నాం కదా. అప్పటికి పొద్దుటినుంచీ నేను అటకలు దులుపుతున్నాను. ఆయుధపూజ వచ్చిందంటే బెంగుళూరులో స్పానరు నుంచి సిటీ బస్సు దాకా ప్రతిదాన్నీ కడిగి తుడిచి బొట్టు పెడతారు. కంప్యూటర్ పైన తుడిచేసి లోపల బూజు వదిలేస్తే అది ఏం పూజ అనిపించింది. కొంగు దోపుకుని కూర్చుని, మోటార్‌సైకిల్ నంబరు వెనకనుంచి కొట్టాను. సర్వాధికారం వచ్చింది.

ఫిన్లాండు భాష మొదట పోయింది. తర్వాత రాత పరికరాలు పదకొండులో తొమ్మిది. పేకాటలు ఆరు. మాకు లేని స్కానరును నడిపేది. నిజం చెప్పాలంటే అటక దులపడం కన్నా ఇది హాయిగా ఉంది, తుమ్ములు రావు. నాటకం దాచుకునే చోటు ఎప్పుడో దొరికింది, దాచాను కూడా. కానీ చీపురు పట్టిన చెయ్యి ఆగుతుందా. ‘ఎక్స్‌పాట్’ అని ఒకటి కనిపించింది. చిన్న మూట. ఎందుకుందో తెలియదు. ఇంగ్లీషు అర్థం చూస్తే ఎక్కడినుంచో వచ్చి స్థిరపడ్డవాడిలా ఉంది పేరు. మేమూ తెనాలి నుంచి వచ్చి హనుమంతనగర్లో స్థిరపడ్డవాళ్ళమే కాబట్టి కాస్త జాలి చూపాల్సింది. తీసెయ్యమన్నాను. ఇది ఫలానావారికి కావాలి, ఫలానావారికి కావాలి అని పేజీ నిండా చుట్టాల పేర్లు చదివింది. సరిగ్గా చెయ్యి విరిగిన కుర్చీ గురించి మా ఆయన చెప్పే సమాధానం. నాకు ఒళ్ళు మండింది. చుట్టాలను అడగకుండా తీసెయ్యి అనడానికి కూడా ఒక మాట ఉంది. ఎప్పుడూ వాడకూడదని ఆయన రెండుసార్లు చెప్పారు కాబట్టి బాగా గుర్తుంది. వాడాను. ఎక్స్‌పాట్ పోయింది. ఏమీ కాలేదు. బొమ్మలు, కిటికీలు అన్నీ తెర మీద అలాగే ఉన్నాయి. చూశారా, అనవసరంగా భయపెడతారు అనుకుని కంప్యూటర్ కట్టేశాను. ప్రింటు కాగితాలు సాయంత్రం ఆయన తెస్తారు, పొద్దున తీసుకోవచ్చు.

శనివారం పొద్దున్నే ఆరింటికి ఆయన గుడ్డ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. దుమ్ము తుడుస్తున్నానన్నారు. అరగంట తుడిచారు. ఎనిమిదింటికి ఎలక్ట్రానిక్ సిటీ బస్సెక్కారు. వాళ్ళ ఆఫీసులో సర్వర్లకు పూజ, ఈయన గుమ్మడికాయ ఇన్‌ఛార్జి. పన్నెండింటికి వచ్చి మన కంప్యూటర్‌కి పూజ చేస్తాను, సిద్ధంగా ఉంచు అని చెప్పి వెళ్ళారు. పూజ అయిన వస్తువును మర్నాటి దాకా ముట్టుకోకూడదు. అంటే ప్రింటుకు నాకు పన్నెండు వరకే గడువు.

ఆయన వీధి మలుపు తిరగగానే కంప్యూటర్ పెట్టాను. తెర మూడుసార్లు రెప్పలార్పి నల్లబడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. చివరికి, ఇది మరీ తొందరతొందరగా లేస్తోంది, ఐదు నిమిషాలు ఆపేస్తున్నాను అని ఒక వాక్యం రాసి ఊరుకుంది. నల్ల తెర మీదే పేరు చెప్పుకుని లోపలికి వెళ్ళి, బొమ్మల తెర తెమ్మని అడిగితే అసలు సంగతి చెప్పింది. ఎక్స్‌పాట్ కనిపించడం లేదట. చుట్టాలెవరూ లేవనంటున్నారట.

ఓంకార్‌కి ఫోన్ చేస్తే రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాల్లో నాకు రూట్ పాస్‌వర్డ్ తెలుసనీ, వాడొద్దన్న మాట వాడాననీ చెప్పాలి. ఆ తర్వాత ఆయనే ప్రింటు తీసిస్తానంటారు. అప్పుడు సర్వేశం వెర్షన్ నంబర్లతో సహా శుద్ధి అవుతాడు. ఫోన్ చెయ్యలేదు. నల్ల తెర మీదనుంచే నాటకాన్ని ఫ్లాపీలోకి ఎక్కించుకుని మూల మీది సైబర్ కేఫ్‌కు వెళ్ళాను. ఆరు కంప్యూటర్లూ వరుసగా బంతిపూల దండలు వేసుకుని పెళ్ళికొడుకుల్లా కూర్చున్నాయి. పొద్దున్నే పూజ అయిపోయిందట, రేపు రమ్మన్నారు. ఆ రోజు ఊరు ఊరంతా అంతే. మనుషులు తప్ప ఏ యంత్రమూ పనిచెయ్యదు.

మిగిలింది సీడీ. మూడు సీడీల్లో ఎక్స్‌పాట్ మొదటిదాన్లో ఉందని జాబితా చూసి తెలుసుకున్నాను. బిస్కెట్ల డబ్బా తీశాను. రెండు ఉంది, మూడు ఉంది. ఒకటి లేదు.

ఒకటో నంబరు ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. పదిరోజుల కిందట సరోజమ్మగారు కొలువుకు తళతళలాడేవి ఏమైనా ఉంటే ఇమ్మన్నారు. పత్రికలతో ఉచితంగా వచ్చిన పనికిమాలిన సీడీలు అనుకుని రెండు ఇచ్చాను. ఇచ్చింది నేనే.

కొలువులో బొమ్మ ఒకసారి కూర్చుంటే విజయదశమి రాత్రి దాకా కదపకూడదు. సరోజమ్మగారి అత్తగారి కాలంలో పిల్లి వచ్చి ఏనుగును పడేస్తే, ఆ ఏనుగు మిగిలిన ఆరు రోజులూ పడుకునే పూజలందుకుందట.

మూడో నంబరు సీడీ కొంగు కింద పెట్టుకుని కిందికి దిగాను. మారుగా పెట్టేస్తే సరిపోతుంది, మెరుపు ఒకటే కదా. సరోజమ్మగారు వంటింట్లో ఒబ్బట్లు చేస్తున్నారు. హాల్లో ఎవరూ లేరు. పై మెట్టు మీద రాజు, రాణి చెక్కబొమ్మల వెనక నా సీడీ ఒకటి సూర్యుడిలా వెలుగుతోంది. స్టూలెక్కి బొమ్మల వెనక్కి తొంగి చూశాను. సూర్యుడి వీపు మీద ఏదో పత్రిక పేరు, ‘ఉచితం’ అని రాసి ఉంది. ఇది కాదు.

రెండోది కింది మెట్టు మీద ఉంది. పచ్చరంగు కలిపిన బొంబాయి రవ్వ దాని మీద చల్లి క్రికెట్ మైదానం చేశారు. దాని మీద వేలెడంత మట్టి ఆటగాళ్ళు పదముగ్గురు, అంపైర్లు ఇద్దరు. ఒకటో నంబరు వాళ్ళ కాళ్ళ కింద ఉంది. అది తీయాలంటే పదిహేను బొమ్మలు కదపాలి.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ మైదానం వైపు ఎంతసేపు చూశానో తెలియదు. వెనకనుంచి దగ్గు వినపడింది. జయరామప్పగారు, చేతిలో స్కూటర్ తుడిచిన గుడ్డ. నేను దాచకుండా మొత్తం చెప్పాను. ఎక్స్‌పాట్ గురించి ఆయనకు అర్థమైందో లేదో కానీ, సీడీ దొరక్కపోతే నాటకం లేదని, నాటకం లేకపోతే వదినగారు నాగమ్మగారి హార్మోనియం ఉందని అర్థమైంది. ముప్ఫై ఏళ్ళుగా వింటున్న మనిషి. గుడ్డ భుజాన వేసుకుని వంటింటి వైపు ఒకసారి చూశారు.

“బొమ్మను కదపరాదు తల్లీ, అది రూల్సు,” అన్నారు. కాసేపు గడ్డం గోక్కున్నారు. “కానీ క్రికెట్లో డ్రింక్స్ బ్రేక్ ఉండాది గదా. అదీ రూల్సే.”

ఆ పదిహేనుమందినీ మేమిద్దరం వరుసగా మెట్టు అంచుకు నడిపించాం. మోశాం అనను. నడిపించాం. జయరామప్పగారు ఒక ఉద్ధరిణెడు నీళ్ళు తెచ్చి వాళ్ళ ముందు పెట్టారు కూడా, లెక్క లెక్కే అని. నేను రవ్వ ఒక ప్లేటులోకి దులిపి, ఒకటో నంబరు తీసి, మూడో నంబరు పరిచి, మళ్ళీ గడ్డి చల్లాను. ఆటగాళ్ళను మైదానంలోకి దింపుతుండగా వంటింట్లోంచి సరోజమ్మగారి గొంతు వచ్చింది. చేతులు కంగారుపడ్డాయి. ఎవరు ఎక్కడ నిలబడేవాళ్ళో అంత బాగా చూసుకోలేదు.

“ఏమి ఇక్కడ కూర్చోనుండావు సుభాషిణీ? నా మీసం ఏమాయె?” అన్నారావిడ గరిటెతో వచ్చి.

మీసం కాటుకతో దిద్దుదామన్నాను. ఆవిడ అతికించే మీసమే కావాలన్నారు, కాటుకైతే చెమటకు కారుతుందట. సరేనన్నాను. ఆ క్షణంలో గుర్రం కావాలన్నా సరేననేదాన్ని.

మెత్తటి చీర కొంగుతో సీడీలోంచి రవ్వ అంతా తుడిచాను. అయినా కంప్యూటర్ దాన్ని నములుతున్నట్టు చప్పుడు చేసింది. ఎక్స్‌పాట్‌ను తిరిగి ఎక్కించమన్నాను. తెర మీద ముగ్గు గీతల్లా గళ్ళు ఒక్కొక్కటే పడుతూ అటు చివరిదాకా వెళ్ళాయి. ఏ చుట్టమూ ఏ ఫిర్యాదూ చెయ్యలేదు. బొమ్మల తెర లేచింది. పదకొండు కావస్తోంది. ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వీధి చివరిదాకా వినపడేలా గీసుకుంటూ నాలుగు ప్రతులు అచ్చేసింది. చదివి చూసే తీరిక లేదు. కుట్టి, బియ్యం డబ్బా వెనక పెట్టి, కంప్యూటర్ కట్టేసి, తడిగుడ్డతో తుడిచేసరికి మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు.

పూజ బాగా జరిగింది. మానిటరు నుదుట మూడు విభూతి రేఖలు, మధ్యన కుంకుమ, మౌసుకు ఒక చామంతి, కింద నిమ్మకాయ. హారతి ఇచ్చాక ఆయన ఆఫీసు ప్రసాదం సంచిని తాంబాళంలోకి బోర్లించారు. మరమరాలు, పుట్నాలు, బత్తాసులు, వాటితో పాటు కవరులో ఒక కొత్త సీడీ. దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా ‘1’ అని రాసి ఉంది.

ఇద్దరం దాని వైపు చూశాం.

“ఊరికే. ఆఫీసులో కాపీ చేసుకొచ్చాను,” అన్నారాయన. “కొలువులోది కదపకూడదు కదా.”

నేను సీడీకి కూడా బొట్టు పెట్టాను. ఆయన వంగి, డ్రైవు అంచున మెరుస్తున్న ఒక పచ్చ రవ్వ గింజను చిటికెన వేలితో తీసి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, తాంబాళంలో వేశారు. పొద్దున అరగంట ఏం దుమ్ము తుడిచారో అప్పుడు తెలిసింది.

అయినా నాటకం క్షేమమే అనుకున్నాను. ఫైలుకు తాళం ఉంది.

నాలుగింటికి సరోజమ్మగారింట్లో రిహార్సలు. కాగితాలు సరిగ్గా వేళకు చేతుల్లో పెడితే నాగమ్మగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. సరోజమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సర్వేశాన్ని ఎంత ఘనంగా చదివారంటే, రాసింది నేనేనా అనిపించింది. ఆఖరి పేజీ వచ్చింది. సమీనా జాబితా పట్టుకుని, “ఈ ఇంట్లో ఈయన మీద ఆధారపడింది ఒక్కటీ లేదు,” అంది. నేను చప్పట్లకు చేతులు ఎత్తాను. కానీ సరోజమ్మగారు ఇంకా వేలు పెట్టి చదువుతున్నారు. కింద ఇంకో వరుస ఉంది.

“నువ్వు... రాసే... నాటకం... ఉండాది... కదే.”

హాలంతా పగలబడి నవ్వింది. నాగమ్మగారు కూడా. ఇదే అసలైన ముగింపు, బలే రాసినావమ్మా అని సరోజమ్మగారు నా వీపు తట్టారు. అచ్చులో ‘ఉంది కదే’ అని మాత్రమే ఉంది, ‘ఉండాది’ ఆవిడ చేర్చుకున్నది. మిగిలినదంతా ఎవరు చేర్చారో నాకు తెలుసు.

మేడ ఎక్కి వచ్చి నిలదీస్తే ఆయన మరమరాలు తింటూ ఒప్పుకున్నారు. తాళం వేస్తే ఎవరూ చదవలేరన్నది నిజమే. ఆ ‘ఎవరూ’లో రూట్‌ను కలపలేదు, అంతే. శుక్రవారం తెచ్చిన కాగితాలు పొద్దున ప్రింటర్లో పెట్టి చూద్దామని కంప్యూటర్ పెడితే తెర నల్లగా ఉందట. సర్వాధికారి పేరుతో నేను కొట్టినవన్నీ వరుసగా అందులో నమోదై ఉన్నాయట. చదివి, డబ్బాలో ఒకటో నంబరు వెతికి, కొలువు గుర్తొచ్చి ఆఫీసుకు వెళ్ళారు. వెళ్ళే ముందు నాటకం కూడా చదివారు.

“తప్పులేం దిద్దలేదు,” అన్నారు. “ఒక్కటి తప్ప. అది నిజంగా తప్పే కదా.”

ఇంకో మాట కూడా చెప్పారు. చెప్పకపోయినా బాగుండేది. ఫైలు ఉత్త అక్షరాలే కాబట్టి, బొమ్మల తెర లేకపోయినా, ఆ నల్ల తెర మీదనుంచే ఒక్క మాట కొడితే నాలుగు ప్రతులూ అచ్చయ్యేవట. మైదానంలోని పదిహేనుమందీ దాహం వేయకుండానే నీళ్ళు తాగినట్టు.

విజయదశమి సాయంత్రం నాటకం ఆడింది. సరోజమ్మగారి మీసం రెండో రంగంలో సగం ఊడితే, ఆవిడ దాన్ని తీసి జేబులో పెట్టుకుని “దేనికో దానికి కావాల్సి వస్తుంది” అన్నారు. అది నా నాటకంలో లేదు, ఆయన చేర్చిందీ కాదు. చివరి మాటకు వచ్చిన నవ్వుకు కొలువు మెట్లు కదిలాయి. వెనక వరుసలో గోడకానుకుని కూర్చున్న ఓంకార్ తనకేమీ సంబంధం లేనట్టు పుట్నాల్లోంచి రాళ్ళు ఏరుతున్నారు. అంతా అయ్యాక సరోజమ్మగారు కొలువు ముగిసిందన్న గుర్తుగా ఒక బొమ్మను పడుకోబెట్టబోతూ కింది మెట్టు దగ్గర ఆగిపోయారు.

“ఈ వికెట్ కీపరు ఏమప్పా బౌండరీ కాడ నిలబడుండాడు?”

“ఫాస్ట్ బౌలర్ వేస్తా ఉండాడు. దూరంగా నిలబడుండాడులే,” అన్నారు జయరామప్పగారు, నా వైపు చూడకుండా.

విజయదశమి నాడు కొత్త విద్య ఏదైనా మొదలుపెడితే మంచిదంటారు. మేడెక్కి వచ్చి, కంప్యూటర్ బొట్టు చెరగకుండా జాగ్రత్తగా ముందు కూర్చుని, రూట్ పాస్‌వర్డ్ మార్చే విద్య నేర్చుకున్నాను. చాలా సులువు. పెదవులు కదపలేదు.

సోమవారం పొద్దున ఓంకార్ కొత్త అప్‌డేట్లు వేస్తానని కూర్చున్నారు. మోటార్‌సైకిల్ నంబరు వెనకనుంచి కొట్టారు. ముందునుంచి కొట్టారు. పాత స్కూటర్ నంబరు కొట్టారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ చల్లారుస్తున్నాను.

“మార్చావా?” అన్నారు చివరికి.

“జాబితా రాసుకోండి,” అన్నాను కాఫీ అందిస్తూ. “మీ పేరు ఎదురుగా ఒక నాటకం ఉంది. నా పేరు ఎదురుగా ఇప్పుడు పధ్నాలుగు వందల మూటలు ఉన్నాయి. ఫిన్లాండు తీసేసి.”